ఎనిమిది నంబర్ల హాజరు పట్టీ

బళ్లు తెరిచిన మూడో రోజున మా హెడ్మాస్టరు నా చేతిలో ఒక ఉత్తర్వు పెట్టి, "ఈసారి కుక్కలు కావు లెండి, ముకుందరావు గారూ" అన్నారు.

నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఓటర్లను, పశువులను, మరుగుదొడ్లను, బడి మానేసిన పిల్లలను, కిందటేడు వీధికుక్కలను లెక్కపెట్టాను. ప్రభుత్వానికి దేన్ని లెక్కపెట్టాలనిపించినా ముందు ఉపాధ్యాయుడు గుర్తుకొస్తాడు. అందుచేత ఉత్తర్వు చూసి ఆశ్చర్యపోలేదు. అది ప్రాంతీయ అంతర్జాల వనరుల సద్వినియోగ మండలి నుంచి వచ్చింది.

"తమకు తెలియజేయునది ఏమనగా, గృహ కనెక్షన్లపై మంజూరైన పబ్లిక్ ఐపీ నంబర్ల వరుసలు సద్వినియోగమగుచున్నవా లేదా అను అంశమును ఇంటింటికీ వెళ్లి విచారించి, నిర్ణీత నమూనాలో నివేదిక సమర్పించవలెను."

కింద మా మండలంలో విచారించవలసిన ఇళ్ల జాబితా ఉంది. జాబితాలో ఒకటే ఇల్లు. అది మాది.

మామూలుగా ఇంటికి తీసుకునే ఇంటర్నెట్‌తో మనం బయటికి వెళ్లగలం కాని, బయటివాళ్లు మన ఇంట్లోని కంప్యూటరు దగ్గరికి రాలేరు. రావాలంటే దానికి ఎప్పటికీ మారని నంబరొకటి సొంతంగా ఉండాలి. అలాంటివి వరుసగా ఎనిమిదేసి ఇస్తారు. నా భార్య హైమావతి నాలుగేళ్ల కిందట ఒక వరుస తీసుకుంది. ఆమె సైన్సు టీచరు. మండలంలో ఐదు బళ్లలో సైన్సు పోస్టులు ఖాళీగా ఉండటం చూసి, పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి, మా వెనకగదిలో ఐదు చిన్న పెట్టెల్లో పెట్టింది. బడికొక పెట్టె, పెట్టెకొక నంబరు. ఒకటి పాడైతే మిగతా నాలుగు ఆగకూడదని ఆమె ఉద్దేశం. ఏ బడి నంబరు ఆ బడి గోడ మీద, మధ్యాహ్న భోజనం పట్టిక పక్కన, ఆకుపచ్చ రంగుతో రాయించింది. బడి కంప్యూటరులో ఆ నంబరు కొడితే పాఠం మొదలవుతుంది. పిల్లలకు ఆ నంబర్లు ఎక్కాల్లాగా నోటికి వచ్చు.

మా నంబర్ల చివరి అంకెలు నలభై నుంచి నలభై ఏడు వరకు. నలభై ఒకటి వీధిగదిలో వైరు వచ్చి చేరే పెట్టెది. నలభై రెండు నుంచి నలభై ఆరు వరకు ఐదు బళ్లవి. మొదటిదైన నలభై, చివరిదైన నలభై ఏడు ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. హాజరు పట్టీలో పైన తరగతి పేరు, అడుగున మొత్తం రాస్తాం కదా, అవి అలాంటివి. ఆ రెండూ లేకపోతే పట్టీయే లేదు. అలాగని వాటిని పిల్లలనుకుని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎక్కడా ఉండరని నేను అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, విచారణాధికారిగా మా ఇంటికి వెళ్లాను. గృహస్థు విచారణకు సహకరించారా అన్నది మొదటి ప్రశ్న. సహకరించారని రాశాను. విచారణాధికారి పట్ల గృహస్థు ప్రవర్తన ఎలా ఉంది? మర్యాదగా ఉంది. ఎనిమిదింటిలో ఎన్ని వాడుకలో ఉన్నాయి? ఆరు. కనెక్షను ఎవరి పేర ఉంది? హైమావతి పేర ఉంది.

సదరు వ్యక్తి ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు అని తరవాతి ప్రశ్న. ఎదురుగా మూడు గడులు. ఇంట్లో ఉన్నారు, బయటకు వెళ్లారు, వలస వెళ్లారు. నాలుగో గడి లేదు. మాఘమాసం నుంచి ఈ ప్రశ్నకు బ్యాంకులోనూ, పింఛను ఆఫీసులోనూ రకరకాల కాగితాల మీద జవాబు రాస్తూనే ఉన్నాను కాని, గడి లేని కాగితం ఇదే మొదటిది. కాసేపు చూసి, 'బయటకు వెళ్లారు' దగ్గర టిక్కు పెట్టాను. 'ఎప్పుడు తిరిగి వస్తారు' అన్నచోట ఖాళీ వదిలేశాను.

వారం తిరక్కుండా మండలి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సహాయ సంచాలకులు దండపాణి గారు నా నివేదికను ఎర్ర దారంతో కట్టించి ఎదురుగా పెట్టుకున్నారు.

"ఎనిమిదింట ఆరు. అనగా డెబ్బై ఐదు శాతం" అన్నారాయన. "మండలి నిర్దేశించిన లక్ష్యం ఎనభై. లక్ష్యసాధనలో వెనుకబడిన వరుసలను ఉపసంహరించు అధికారం మాకు దఖలు పడి ఉన్నది."

తరగతి పేరు, మొత్తం పోలిక చెప్పి, ఆ రెండు నంబర్లు ఎందుకు ఖాళీగా ఉంటాయో వివరించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"అంటే, ప్రభుత్వం మంజూరు చేసినవాటిలో రెండు పనికిరానివని తమరి అభియోగమా?"

"పనికిరానివి కావండి. వాటి పనే అది."

"ఏది?"

"వరుసకు మొదలూ చివరా ఉండటం."

"ఊరికే ఉండటం పని కిందికి రాదు, మాస్టారూ. అలాగైతే మా ఆఫీసులో..." అని ఆయన పక్క బల్లల వైపు చూసి, ఆ వాక్యం అక్కడే ఆపేశారు.

"నంబర్లు తీసేస్తే ఐదు బళ్లలో సైన్సు ఆగిపోతుందండి. నంబర్లు గోడల మీద రాసి ఉన్నాయి."

"గోడలు మా పరిధిలోకి రావు" అన్నారు దండపాణి గారు. అయితే ఆయన కఠినుడు కాదు. నెల రోజులు గడువిచ్చారు. ఆ నెలా ఎనిమిది నంబర్లకూ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పేరు పిలిచి హాజరు వేయాలి. "పట్టీలో పేరు గడి ఖాళీ ఉండరాదు. పేరు లేనివాడికి హాజరెలా పడుతుంది? తమరు ఉపాధ్యాయులు, తమకు నేను చెప్పాలా?"

హాజరుకు సాక్షిగా మా ఊరి లైన్‌మన్ సూరిబాబును వేశారు. యాభై దాటిన మనిషి. మా వీధిలో ఏ స్తంభం మీద ఏ వైరు ఎటు పోతుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, వెనకగదిలో స్టూలు మీద కంప్యూటరు ముందు కూర్చుని, నేను తెరిచిన పట్టీ చూసి నవ్వాడు.

"ఏటండి మాస్టారూ ఇది! నాను నంబరు కొడితే, అది పలికితే, మీరు హాజరేత్తారా?"

"అవును, సూరిబాబూ."

"మరి పలక్కపోతే బెత్తం అట్టుకుంటారా?"

పేర్లు రాయడం మొదలుపెట్టాను. నలభై ఒకటికి 'వీధి పెట్టె' అని, నలభై రెండుకు 'కొండతలం బడి' అని, ఆ తరవాత బూరుగుపేట, చినమడ, మరో రెండు ఊళ్ల పేర్లు. మొదటి గీత, చివరి గీత మిగిలిపోయాయి.

"ఆ ఆకరోడికి నా పేరెట్టీయండి" అన్నాడు సూరిబాబు. "ఎలాగూ పన్లోకి రాడు. మా ఇంటిది కూడా నన్ను అదే అంటాది."

అలాగే రాశాను. మొదటి గీత దగ్గర కలం ఆగింది. వరుసలో ఎవరికీ అందని నంబరు అది. కాని మిగతా ఏడింటినీ దాని పేరు మీదే వరుస అంటారు. 'హైమావతి' అని రాశాను. సూరిబాబు ఆ పేరు చూసి, చెయ్యబోయిన హాస్యమేదో మింగేసి, "పిలవండి" అన్నాడు.

నేను పిలుస్తాను. అతను నంబరు కొడతాడు. ఉన్నవాళ్లు సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో గడిచేలోగా పలుకుతారు. మా తరగతిలో ఎవరూ అంత తొందరగా పలకరు. మొదటి పిలుపుకు మాత్రం తెర మీద ఏమీ రాదు. నాలుగు సార్లు అడిగి కంప్యూటరే మానుకుంటుంది. నేను గైరుహాజరు గీత పెట్టి, నలభై ఒకటికి వెళతాను.

"ఎవలు సూత్తారండి, మాస్టారూ?" అన్నాడు సూరిబాబు ఐదో రోజున. "ఎనిమిదికీ టిక్కులెట్టి పడీండి."

పన్నెండేళ్ల కిందట ఒక తనిఖీ అధికారి, భోజనాల లెక్క బాగుండాలని, లేని పిల్లలవి పదకొండు పేర్లు నా పట్టీలో చేర్చమన్నాడు. చేర్చలేదు. ఆ ఏడు నన్ను కొండతలానికి బదిలీ చేశారు. హైమావతి నవ్వి, టిఫిను డబ్బా పెద్దది కొంది. ఆ సంగతి సూరిబాబుకు చెప్పి, "తప్పుడు హాజరు నా చేత్తో పడదు" అన్నాను.

పదిహేను రోజులు వరసగా రాకపోతే బడి మానేసినట్టు లెక్క. నియమం బళ్లదే అయినా, మండలికి సొంత నియమం లేకపోవడంతో దాన్నే అరువు తెచ్చుకున్నారు. పదహారో రోజున దండపాణి గారు ఇద్దరు గుమస్తాలతో, ఒక ఫొటోగ్రాఫరుతో మా ఇంటికి వచ్చారు. గుమ్మానికి బ్యానరు కట్టారు. 'పునఃప్రవేశ పక్షోత్సవం. రండి, పలకండి, ప్రగతిలో పాలుపంచుకోండి.' వెనకగదిలో పెట్టెల ముందు కుర్చీ వేయించుకుని, ఆయన గొంతు సవరించుకున్నారు.

"నలభై, నలభై ఏడు నంబర్లకు విజ్ఞప్తి. ప్రభుత్వం మీపై ఎంతో నమ్మకంతో మిమ్మల్ని ఈ గృహానికి కేటాయించింది. మీ తోటి నంబర్లు నిరంతరం శ్రమిస్తుండగా మీరు మౌనం వహించడం శోచనీయం. ఇకనైనా ప్రధాన స్రవంతిలో కలవవలసిందిగా కోరుచున్నాను."

పెట్టెల మీద ఆకుపచ్చ దీపాలు మామూలుగానే వెలుగుతున్నాయి. గుమస్తా వాటిని చూసి, స్పందన సానుకూలంగా ఉందని రాసుకున్నాడు.

తరవాత గైరుహాజరుకు కారణాల కాగితం తీశారు. అదీ బడి మానేసిన పిల్లలదే. పేదరికం, బాల్యవివాహం, తల్లిదండ్రుల నిరాసక్తత, దూరం. ఏదో ఒకదానికి టిక్కు తప్పదు.

"నలభై ఏడు, సూరిబాబు" అన్నాడు గుమస్తా. "కారణం?"

"బాల్యవివాహం" అన్నాడు సూరిబాబు వెంటనే.

"నలభై, హైమావతి." దండపాణి గారు పట్టీ దగ్గరకు లాక్కుని చూశారు. "ఈ పేరు ఎక్కడో చూశాను."

"నా భార్య పేరండి."

"ఆఁ. కనెక్షను ఆవిడ పేరనే కదా. బయటకు వెళ్లారని తమరు నివేదించారు."

"అవునండి."

"ఇంకా రాలేదా?"

సూరిబాబు నోరు తెరిచాడు. నేను చెయ్యి కొంచెం ఎత్తాను. అతను గోడ వైపు తిరిగిపోయాడు.

"రాలేదండి."

"రాగానే ఒక సంతకం చేయించి పంపండి. దస్త్రం పూర్తవుతుంది. కారణం దగ్గర ఏమి రాయమంటారు?"

ఉన్న నాలుగు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. "దూరం" అన్నాను.

పక్షోత్సవం ముగిసినా ఆ రెండు నంబర్లూ పలకలేదు. నెలాఖరుకు శాతం డెబ్బై ఐదు దగ్గరే ఉంది. దండపాణి గారు బాగా ఆలోచించి, వరుస పెద్దది కావడం వల్లే పర్యవేక్షణ కొరవడుతున్నదని తేల్చారు. ఎనిమిది నంబర్ల వరుసను నాలుగుకు కుదించారు. ఒక సోమవారం పొద్దున నలభై నాలుగు నుంచి నలభై ఏడు వరకు నాలుగూ వెనక్కి పోయాయి. నేను పట్టీ తెరిచి పిలిచాను. నలభై పలకలేదు. నలభై ఒకటి, నలభై రెండు పలికాయి. నలభై మూడు, అంటే బూరుగుపేట, పలకలేదు.

"నిన్నటిదాకా బాగా పలికాడు కదా" అన్నాను.

"నిన్న మధ్యలో ఉన్నాడండి. ఇయ్యాల ఆకరోడైపోనాడు" అన్నాడు సూరిబాబు. "నంబర్లో ఏటీ నేదు, మాస్టారూ. అంచున కూకున్నోడు మూగోడు. అంతే."

ఐదు బళ్లలో నాలుగు మూగబోయాయి. మొదటి రోజు హెడ్మాస్టర్లు ఫోన్లు చేశారు. మూడో రోజుకు మానేశారు. చినమడలో మాత్రం సైన్సు పీరియడు గంట కొట్టగానే పిల్లలు గోడ మీది నంబరు చూసి కొట్టడం, రాకపోతే మళ్లీ కొట్టడం చేస్తున్నారని అక్కడి టీచరు చెప్పింది. "రాదర్రా అంటే వినట్లేదండి. 'టీచర్ గారు నీళ్లు తాగడానికెల్లుంటారు, వస్తారు' అంటున్నారు."

శనివారం నాడు కొండతలం వెళ్లాను. పలికే బడి అదొక్కటే. ఘర్షణ పాఠం నడుస్తోంది. హైమావతి చివరగా రికార్డు చేసిన తొమ్మిది పాఠాల్లో అదొకటి. అప్పటికి ఆమెకు రెండు వాక్యాల తరవాత ఊపిరి అందేది కాదు. అందుచేత మధ్య మధ్య ఆగుతుంది. ఆగినప్పుడల్లా పిల్లలు గబగబా నోట్సు రాసుకుంటున్నారు. ఆమె మళ్లీ మొదలుపెట్టేసరికి అందరూ తలలెత్తి సిద్ధంగా ఉన్నారు. ఆమె అందుకే ఆగుతుందని వాళ్లు అనుకుంటున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుని, గంట కొట్టేదాకా ఉండి వచ్చేశాను.

ఇంటి దగ్గర సంజాయిషీ నోటీసు ఎదురుచూస్తోంది. నాలుగింట రెండు. శాతం యాభైకి పడిపోయింది. "వరుసను కుదించిననూ వినియోగము మెరుగుపడకపోగా దిగజారుటకు తమ నిర్లక్ష్యమే కారణమని ఏల భావించరాదు? వరుసను రెండు నంబర్లకు ఏల కుదించరాదు?"

రెండు నంబర్ల వరుసలో ఒకటి మొదటిది, ఒకటి చివరిది. అప్పుడు కొండతలమూ ఉండదు.

ఆదివారం కూర్చుని సంజాయిషీ రాశాను. మాటలతో లాభం లేదని ఈసారి ఎక్కంలాగా రాశాను. ఏ వరుసలోనైనా ఖాళీ ఉండేవి రెండే. రెండు నంబర్ల వరుసలో వినియోగం సున్న. నాలుగులో యాభై శాతం. ఎనిమిదిలో డెబ్బై ఐదు. పదహారులో ఎనభై ఏడున్నర. కాబట్టి తగ్గించే కొద్దీ శాతం పడిపోతుంది, దయచేసి మా ఎనిమిది మాకిప్పించండి అని ముగించవలసింది. కాని లెక్కల మాస్టారిని, ఎక్కం సగంలో ఆపలేక, ఆ చివరి అంకె వెళ్లగలిగినంతదాకా రాశాను. తప్పు అక్కడ జరిగింది.

దండపాణి గారు కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దించుకుంటూ వచ్చారు. ఎనిమిది దగ్గర ఆగలేదు. పదహారు దగ్గర ఆగలేదు. వేలు అట్టడుగుకు వచ్చి ఆగింది.

"రెండు వందల యాభై ఆరు. తొంభై తొమ్మిది దశమాంశం రెండు" అని చదివారు. మళ్లీ చదివారు. "మాస్టారూ, రాష్ట్రంలో ఏ ప్రాంతీయ మండలీ తొంభై దాటలేదు."

"అన్ని నంబర్లు నేనేం చేసుకోనండి? నాకు ఎనిమిది చాలు."

"లెక్క తమరు చెప్పారు. లక్ష్యం మేము చెబుతాం."

"అన్నీ పలకాలంటే అన్ని బళ్లు కావాలి కదండి."

"జిల్లాలో బళ్లకు కొదవా? ప్రతి పాఠశాలా రోజుకొక పాఠం విధిగా వినవలెనని ఉత్తర్వు జారీ చేయిస్తాను. ఏ పాఠాలు తమవి?"

"సైన్సు."

"ఏదైతేనేం" అన్నారాయన, కలం మూత తీస్తూ.

నేను ఒక్క మనవి చేసుకున్నాను. నలభై నుంచి నలభై ఏడు వరకు పాత నంబర్లు ఆ కొత్త వరుసలోనే ఉండాలని. గోడల మీది రంగు చెరపక్కర్లేకుండా. సూరిబాబు అది సులువేనన్నాడు. మా వరుసకు అటూ ఇటూ ఉన్న నంబర్లన్నీ పుట్టినప్పటి నుంచి ఖాళీగానే పడున్నాయట. వాటిని ఇన్నాళ్లూ ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరికీ ఇవ్వనివి కాబట్టి వినియోగం ప్రశ్నే రాలేదని మండలి వాదన.

మంజూరు కాగితం రావడానికి నెలన్నర పట్టింది, అంతదాకా నేను పాత పట్టీలో హాజరు ఆపలేదు. సున్న నుంచి రెండు వందల యాభై ఐదు వరకు, మొదటిదీ చివరిదీ తప్ప, సూరిబాబు మూడు రోజుల్లో నంబర్లన్నీ ఉన్న పెట్టెలకే తగిలించాడు. సద్వినియోగ ప్రారంభోత్సవానికి దండపాణి గారు వెండి జరీ కండువాతో వచ్చారు. ఈసారి బ్యానరు వీధికి అడ్డంగా కట్టారు. నాలుగు పట్టీలు కలిపి కుట్టిన పుస్తకం బల్ల మీద ఉంది. బళ్ల పేర్లన్నీ రాసేశాను. పాత వరుసలోని పేర్లు మార్చలేదు, మార్చమని ఉత్తర్వులో లేదు. పేరు లేనివి రెండే. కొత్త మొదటిది, కొత్త చివరిది.

"సార్ పేరు అన్నిటికంటే పైన ఉండాలండి" అన్నాడు సూరిబాబు, చేతులు కట్టుకుని.

దండపాణి గారు వద్దు వద్దంటూనే, ఇంటిపేరు పూర్తిగా రాయించారు. ఫొటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. నేను పిలిచాను. సూరిబాబు సున్న కొట్టాడు. తెర నాలుగు సార్లు అడిగి ఊరుకుంది.

"దండపాణి గారు గైరుహాజరండి" అన్నాడు సూరిబాబు, వీధిలోకి వినబడేలా.

"ప్రారంభ దశలో సాంకేతిక జాప్యం సహజం" అన్నారాయన. "కొనసాగించండి."

ఒకటి నుంచి పిలిచాను. ఎన్నడూ చూడని ఊళ్ల బళ్లు. ఒకదాని వెంట ఒకటి పలుకుతున్నాయి. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. పేజీ తిప్పాను. పై గీత మీద నా దస్తూరీయే ఉంది. తొంభై ఒక్క రోజులు, రోజుకు రెండు పూటలు, ఆ పేరు పిలిచి గైరుహాజరు గీత పెట్టాను. చెయ్యి అలవాటుగా గీతకు సిద్ధపడింది.

"హైమావతి" అన్నాను.

సూరిబాబు నలభై కొట్టాడు. తెర మీద వెంటనే అక్షరాలు పడ్డాయి. సెకనులో వెయ్యో వంతులు మూడు. మళ్లీ మూడు. మళ్లీ మూడు.

సూరిబాబు స్టూలు మీదే వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, ఇప్పుడది అంచున నేదు కదండి" అన్నాడు మెల్లగా. "మధ్యలోకొచ్చినాది. పలికినాదండి."

లెక్కల మాస్టారిని. ఆ మాత్రం నాకు ముందే తట్టవలసింది. తట్టలేదు.

"చూశారా!" దండపాణి గారు లేచి నిలబడ్డారు. "ఆనాడు ఇదే గదిలో నేను చేసిన విజ్ఞప్తి! కొంచెం ఆలస్యమైనా ఫలించింది. ఫొటో తీయవయ్యా." ఆయన నా వైపు వంగి పట్టీలో పేరు చూశారు. "అయితే మేడం గారు తిరిగి వచ్చారన్నమాట. చాలా సంతోషం. దస్త్రంలో ఆ గడి కూడా పూర్తి చేసేద్దాం. హాజరు వేయండి, మాస్టారూ, ఇంకా రెండు వందల పైచిలుకు ఉన్నాయి."

నియమం చిన్నది. పేరు పిలిచినప్పుడు పలికినవాళ్లకు హాజరు వేయాలి. పలకనివాళ్లకు వేయకూడదు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒక్క తప్పుడు హాజరు కూడా వేయలేదు.

ఆ రోజు కూడా వేయలేదు. ఆ పేరుకెదురుగా హాజరు వేసి, సిరా ఆరేదాకా ఆగి, నలభై ఒకటి పిలిచాను.